రాత్రి తలనొప్పికి తెల్ల డబ్బా మందా?

తనదాకా వస్తే గాని తలనొప్పి తెలియదని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాలు విరిగినవాడికి కట్టు కనిపిస్తుంది. జ్వరం వచ్చినవాడి ఒళ్ళు కాలుతుంది. తలనొప్పివాడి దగ్గర మాత్రం చూపించడానికి ఏ సాక్ష్యమూ ఉండదు. క్లాసులో "సార్, తలనొప్పి" అంటే లెక్చరరుగారు నవ్వుతారు. ఇంట్లో అంటే చదువు తప్పించుకోడానికి నాటకం అనుకుంటారు. అదే నొప్పి రాత్రి రెండింటికి వచ్చిందనుకోండి, చెప్పుకోడానికి మనిషి కూడా దొరకడు. గదిలో మిగతా ఇద్దరూ గాఢనిద్రలో ఉంటారు. తలకి తువ్వాలు బిగించి కట్టుకుని, వరండాలో చతికిలబడి, హార్బరు దీపాల వైపు చూస్తూ తెల్లవారేదాకా గడపవలసిందే.

ఈ వ్యాసం ఆ వరండాలో కూచున్నవాళ్ళ కోసం. నేను డాక్టరుని కాను. అయితే ఆ వరండాలో నేనూ చాలా రాత్రులు కూచున్నాను. నేర్చుకున్నది నలుగురితో పంచుకోకపోతే ఆ రాత్రులన్నీ వృథా అవుతాయి.

మన యూనియన్ ఆఫీసు గోడకి ఒక తెల్ల డబ్బా తగిలించి ఉంది. అందరూ ఎరిగినదే. అందులో దూది, టింక్చరు, కట్టుగుడ్డ, తలనొప్పి మాత్రలు ఉంటాయి. "విద్యార్థుల సౌకర్యార్థం ప్రథమ చికిత్స పెట్టె నిర్వహించితిమి" అని ఏటేటా కార్యదర్శి నివేదికలో ఒక వాక్యం వస్తుంది, మనం చప్పట్లు కొడతాం. పరీక్షల నెలలో ఆ డబ్బా తెరిచి చూడండి. దూది దూదిలాగే ఉంటుంది, టింక్చరు మూత కూడా తీసి ఉండదు. మాత్రలు మాత్రం నింపిన నాలుగు రోజులకే అయిపోతాయి. ఆ డబ్బా వల్ల మనకి జరిగే మేలు కన్నా కీడు ఎక్కువ అని నా అభిప్రాయం. ఈ మాట అన్నందుకు మిత్రులు కొందరు ఇప్పటికే నా మీద కోపంగా ఉన్నారు. కారణాలు విన్న తరవాత కోపగించుకున్నా ఫరవాలేదు.

ముందు నా సంగతి

రెండో ఏడాది దసరా సెలవుల తరవాత మొదలయింది. వారానికి ఒక రాత్రి, కణతల దగ్గర పట్టేసినట్టు. డబ్బాలోంచి ఒక మాత్ర వేసుకుంటే అరగంటలో తగ్గేది. దీపావళి నాటికి వారానికి మూడు రాత్రులు. డిసెంబరు వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగింటికి నొప్పే నన్ను నిద్ర లేపడం మొదలుపెట్టింది. డబ్బా ఖాళీ అయితే గేటు ఎదురుగా కొట్లో కొనుక్కునేవాణ్ణి. చీటీ ఎవరూ అడగరు. చిల్లర లేకపోతే చాక్లెట్టుకి బదులు కూడా మాత్ర ఇస్తారు!

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. మాది గాజువాక వైపు, నాన్న స్టీలు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. భోగి నాడు తల పట్టుకుని కూచుంటే అమ్మ, "ఏటి నాన్నా, బుర్ర పోటా? అన్నం సరిగా తింటున్నావా, లేదా?" అని శొంఠికొమ్ము అరగదీసి నుదుట పట్టు వేసింది. చల్లగానే ఉంది గాని నొప్పి పోలేదు. మా చెల్లి నా సంచీలోంచి ఖాళీ అట్టలు తీసి వరసగా చాప మీద పేర్చింది. నాన్న వాటిని చూసి ఏమీ అనలేదు. కనుమ వెళ్ళిన మర్నాడే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆ డాక్టరమ్మ బీపీ చూశారు, కళ్ళలోకి లైటు వేసి చూశారు, మెడ వంచి చూశారు. తరవాత ఒకే ప్రశ్న అడిగారు. "బాబూ, నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నావు? ఎన్ని మాత్రలని అడగడం లేదు, ఎన్ని రోజులు?" వేళ్ళ మీద లెక్కపెట్టి ఇరవై రెండు అన్నాను. "అయితే విను. నీకు మొదట వచ్చింది తలనొప్పి. ఇప్పుడు వస్తున్నది మాత్రనొప్పి," అన్నారావిడ.

మాత్రనొప్పి అంటే

వైద్యశాస్త్రంలో దీనికి ప్రత్యేకంగా పేరుంది, లెక్క కూడా ఉంది. తలనొప్పి స్వభావం ఉన్న మనిషి పారాసెటమాల్, ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటి మామూలు నొప్పి మాత్రలని నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకి పైగా వాడితే ఆ మందే కొత్త తలనొప్పికి కారణమవుతుంది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకి, పార్శ్వపు నొప్పికి వాడే ఎర్గొటమిన్, ట్రిప్టాన్ జాతి మందులకి ఆ హద్దు ఇంకా తక్కువ, 10 రోజులే. మన కొట్లలో తలనొప్పికి ఇచ్చే మాత్రల్లో చాలావాటికి కెఫీన్ కలిసి ఉంటుంది. అవి ఈ రెండో లెక్కలోకే వస్తాయి.

జరిగేది ఇది. మందు రోజూ అందుతుంటే మెదడులో నొప్పిని అదుపు చేసే ఏర్పాటు మొద్దుబారిపోతుంది. చిన్న కదలికకి కూడా గంట మోగిస్తుంది. ఒంట్లో మందు తగ్గేది తెల్లవారుజామునే గనక నొప్పి అప్పుడే లేస్తుంది. మళ్ళీ మాత్ర. మాత్ర తగ్గించడం అబద్ధం కాదు, అందువల్లే మనం మోసపోతాం. అప్పు తీర్చడానికి ఆ షావుకారు దగ్గరే మళ్ళీ అప్పు చేసినట్టుంటుంది వ్యవహారం. దీనికి తోడు ఖాళీ కడుపున నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాల్నీ చెరుస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు.

డాక్టరమ్మ మాత్రలు మానిపించారు. మొదటి వారం నరకం. మానిన తరవాత కొద్దిరోజులు నొప్పి ముందుకన్నా పెరుగుతుందని ఆవిడ ముందే చెప్పి, దానికి వేరే మందు ఇచ్చి ఉండకపోతే మళ్ళీ డబ్బా దగ్గరికి పరిగెత్తేవాణ్ణే. అందుకే చెబుతున్నాను, చాలా కాలంగా వాడుతున్నవాళ్ళు సొంతంగా ఒక్కసారి మానెయ్యకండి, డాక్టరు చెప్పినట్టు మానండి. నెల తిరిగేసరికి నాకు మొదట్లో ఉన్న అసలు తలనొప్పి మిగిలింది, వారానికి ఒక రాత్రి. దాని కారణం వెతకడం అప్పుడు మొదలయింది.

నొప్పి రాత్రే ఎందుకు?

మెదడుకి నొప్పి తెలియదు. మెలకువగా ఉన్న రోగికి మెదడు ఆపరేషను చేయగలుగుతున్నారంటే అందుకే. మనకి నొప్పి తెలిసేది మెదడు పై పొరల్లో, రక్తనాళాల్లో, నుదురు, దవడ, మెడ కండరాల్లో. వాటిని ఇబ్బంది పెట్టేవన్నీ రాత్రి ఒకచోట చేరతాయి.

ఒంట్లో ఒక గడియారం ఉంది. దాని యంత్రాంగాన్ని కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకి నోబెల్ బహుమతి ఇచ్చారు. చీకటి పడితే మెలటోనిన్ ఊరుతుంది, నిద్ర వస్తుంది. కంటి మీద వెలుగు పడితే అది ఆగుతుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళలో చాలామందికి తెల్లవారుజామునో, నిద్ర లేవగానేనో రావడానికి ఈ గడియారానికీ సంబంధం ఉంది. నిద్ర తక్కువైనా వస్తుంది, ఆదివారం పదింటిదాకా పడుకున్నా వస్తుంది. ఆ తలకి కావలసింది క్రమం.

అచ్చంగా రాత్రివేళకే కట్టుబడిన నొప్పులూ ఉన్నాయి. క్లస్టర్ తలనొప్పి అనేది ఒక కంటి చుట్టూ గునపం దింపినట్టు వస్తుంది. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ఆ వైపు ముక్కు మూసుకుపోతుంది. పావుగంట నించి మూడు గంటలదాకా ఉంటుంది. మనిషి పడుకోలేడు, గదిలో పచార్లు చేస్తాడు. మగవాళ్ళలో, సిగరెట్టు అలవాటున్నవాళ్ళలో ఎక్కువ. దానికి మామూలు మాత్ర పనిచేయదు, ఆస్పత్రిలో ముసుగు పెట్టి ఆక్సిజన్ ఇస్తే చాలామందికి తగ్గుతుంది. ఇంకొకటి హిప్నిక్ తలనొప్పి. ఎక్కువగా యాభై దాటినవాళ్ళకి, అలారం పెట్టినట్టు రోజూ ఒకే వేళకి లేపుతుంది. 1988లో రాస్కిన్ అనే డాక్టరు మొదట దీన్ని వర్ణించారు. చిత్రమేమంటే పడుకోబోయే ముందు ఒక కప్పు కాఫీ దీనికి మందు! ఎవరి తలనొప్పి ఏదో తెలియకుండా అందరికీ ఒకే మాత్ర పంచడం ఎంత అవివేకమో దీన్ని బట్టే తెలుస్తుంది.

గట్టిగా గురక పెట్టేవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. వాళ్ళు తలపోటుతోనే నిద్ర లేస్తారు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి కణతలు, దవడలు నొప్పి. ఇవేవీ మాత్రతో పోయేవి కావు.

హాస్టలు రాత్రి

ఇక మన రాత్రులు చూడండి. ప్రాక్టికల్సు ముగించుకుని, బీచిలో కాసేపు కబుర్లాడి వచ్చేసరికి మెస్సు మూసేస్తారు. రెండు బిస్కట్లు, ఒక టీ. పదింటికి ఇంకో టీ. పన్నెండింటికి ఫ్లాస్కులోది. టీ, కాఫీల్లోని కెఫీన్ సగం అరగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. పదింటికి తాగినదాంట్లో సగం మూడింటికి కూడా నరాల్లో తిరుగుతూనే ఉంటుందన్నమాట. సెలవులకి ఇంటికి వెళ్ళి ఒక్కసారిగా టీలు తగ్గిస్తే, పన్నెండు గంటలు గడిచాక మొదలై ఆ మర్నాడల్లా మరో తలనొప్పి. దాన్ని మనం ప్రయాణం బడలిక అనుకుంటాం.

ఈ ఊరి ఉక్క సంగతి తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూచున్నా చొక్కా తడుస్తుంది. అంత చెమట పోయినవాడు తాగే నీళ్ళెన్ని? మూడో అంతస్తులో ఉన్నవాడు నీళ్ళ కోసం కిందికి దిగాలి. బద్ధకించి అలాగే పడుకుంటాడు. ఆకలి, దాహం, నిద్రలేమి, ఈ మూడూ తలనొప్పికి దగ్గరి చుట్టాలు. మూడింటినీ మనమే పిలిచి మంచమేసి పడుకోబెడుతున్నాం.

ఆ పైన చదివే తీరు. గది మధ్యలో ఒకే దీపం. మంచం మీద బోర్లా పడుకుని, మెడ వంచి పుస్తకం. పుస్తకం మూశాక దుప్పటి కప్పుకుని సెల్‌ఫోను. చీకట్లో కంటికి జానెడు దూరంలో వెలుగు పడితే మెలటోనిన్‌కి పొద్దుపోదు, నిద్ర రాదు. మెడ వెనక కండరాలు బిగుసుకుని నొప్పి నుదుటిదాకా పాకుతుంది. కళ్ళజోడు అవసరమై కూడా పెట్టుకోనివాళ్ళు, అందంగా ఉండదని ఆడపిల్లలూ, స్టయిలు పోతుందని మగపిల్లలూ, ఎంతమంది లేరు?

ఊరి రాత్రి

విద్యార్థుల గురించే చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఈ ఊరే రాత్రి నిద్రపోదు. 1933లో హార్బరు తెరిచిన నాటినించి ఓడ ఎప్పుడొస్తే అప్పుడే పని. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పోరాడి, ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటులో 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. దానికి గోదావరి అని పేరు. తరవాత కృష్ణ, ఆ తరవాత అన్నపూర్ణ. ఫర్నేసుని రాత్రి ఆర్పి పొద్దున్నే వెలిగించడం కుదరదు. అందుచేత ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. రాత్రి పదింటికి వెళ్ళిన మనిషి పొద్దున ఆరింటికి బయటపడతాడు. ఒంట్లో గడియారం పడుకో అన్నప్పుడు పని, లే అన్నప్పుడు పడక. మనలో ఎంతోమంది ఆ ఇళ్ళనించే వచ్చాం. ఫీజులు కట్టింది ఆ రాత్రి డ్యూటీల డబ్బుతోనే.

మా నాన్న సి షిఫ్టు దిగి వచ్చి కణతలు నొక్కుకుంటూ కూచోవడం నా చిన్నప్పటినించీ చూస్తున్నాను. మేం దాన్ని నాన్న స్వభావం అనుకున్నాం గాని ఆయన పని ఫలితం అనుకోలేదు. 2021 జనవరిలో ప్లాంటు వాటాలు అమ్మేయాలని కేంద్రం నిర్ణయించిన తరవాత ఆ నొప్పికి దిగులు కూడా తోడయింది. దిగులుకి షిఫ్టు లేదు, అది ఇరవైనాలుగు గంటలూ డ్యూటీలోనే ఉంటుంది.

ఒక ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో దాదాపు అయిదో వంతుకి తగ్గకుండా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని అది రెండువందల రెట్లకి పైగా బలంగా ఆక్రమిస్తుంది. దాని మొదటి హెచ్చరిక తలనొప్పే. గ్యాసు ఉన్నచోట పనిచేసేవాళ్ళకి ఇది తెలుసు, మోనిటరు దగ్గర పెట్టుకుంటారు. మనకే తెలియదు. డిసెంబరులో అరకు, లంబసింగి విహారయాత్రకి వెళ్ళి, చలికి గది తలుపులన్నీ బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటే అదే గ్యాసు పుడుతుంది. గాలి రాని స్నానాలగదిలో గ్యాసు గీజరు వల్ల కూడా అంతే. ఒకే గదిలో ఉన్న నలుగురికీ ఒకే రాత్రి తలనొప్పి, వికారం వస్తే అది తలల్లో జబ్బు కాదు, గాలిలో విషం. మాత్ర వెతక్కండి, తలుపులు తెరిచి బయటికి పరిగెత్తండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీనించి స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న జనం మీదికి వచ్చి పన్నెండుమందిని బలిగొన్న సంగతి ఈ ఊళ్ళో ఎవరు మరవగలరు?

ఊరి రూపం కూడా మనకి అనుకూలం కాదు. ఒకవైపు కైలాసగిరి కొండలు, ఇంకోవైపు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాగా ఊరు. చలికాలం రాత్రులు చల్లగాలి అడుగున పరుచుకుని పొగనీ దుమ్మునీ పైకి పోనివ్వదు. రేవులో బొగ్గు, ఖనిజం దుమ్ము గురించి పాతనగరం, జ్ఞానాపురం వాసులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. ముక్కు, సైనసు బాధలున్నవాళ్ళకి ఆ గాలి పడదు. ఇక మైకులు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్నచోట రాత్రి పదినించి ఆరుదాకా శబ్దం 45 డెసిబెల్సు దాటరాదు. ఊరి సంగతి సరే, కిందటి వార్షికోత్సవంలో మన మైకు ఎన్నింటికి ఆగింది? ఆ శబ్దానికి ఎంతమందికి తలనొప్పి వచ్చిందో, ఎంతమంది మన డబ్బాలోంచే మాత్ర తీసుకున్నారో!

తలనొప్పి మందుకి మన తెలుగువారితో పాత సంబంధం ఉంది. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టి, ఆ ఆదాయంతో 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. జనం తలనొప్పులతో జాతికి ఒక పత్రిక వచ్చింది. నేను మందుకి శత్రువుని కాను. నుదుటికి రాసే అంజనం, అమ్మ శొంఠి పట్టు, ఎప్పుడో ఒకసారి ఒక మాత్ర, వీటితో పేచీ లేదు. ఉపశమనాన్ని చికిత్స అనుకోవడంతోనే పేచీ.

ఆలస్యం చేయకూడని నొప్పులు

తలనొప్పుల్లో చాలాభాగం ప్రాణానికి ముప్పు లేనివే. కొన్ని కావు. జీవితంలో ఎన్నడూ ఎరగనంత నొప్పి పిడుగు పడ్డట్టు క్షణాల్లో వస్తే. జ్వరంతో మెడ బిగుసుకుంటే. మాట తడబడినా, చెయ్యో కాలో చచ్చుబడినా, ఫిట్సు వచ్చినా. తలకి దెబ్బ తగిలిన తరవాత నొప్పి పెరుగుతుంటే. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, అర్ధరాత్రయినా సరే. పడుకుంటే, దగ్గితే ఎక్కువవుతూ, పొద్దున్నే వాంతులతో, రోజురోజుకీ పెరిగే నొప్పినీ, చూపు మసకబారడాన్నీ, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పినీ కూడా ఉపేక్షించకూడదు. మన ఊళ్ళో వానాకాలం జ్వరంతో తలనొప్పి అంటే డెంగీ, మలేరియా కావచ్చు. రక్తపరీక్ష కాకుండా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ మింగడం ప్రమాదం. తెల్ల డబ్బాకి ఈ తేడాలు తెలియవు. నేను భయపడేది దీని గురించే. ఏదో ఒక రాత్రి మనలో ఒకడు డాక్టరు దగ్గరికి వెళ్ళవలసినప్పుడు డబ్బా దగ్గరికి వెళ్ళి, మాత్ర వేసుకుని పడుకుంటాడు.

ఏం చేయాలి?

డాక్టరమ్మ నాకిచ్చిన మందుల్లో అన్నిటికన్నా పనిచేసింది ఒక చిన్న నోటుబుక్కు. రోజూ నాలుగు సంగతులు రాయమన్నారు. ఎన్నింటికి తిన్నాను, ఎన్నింటికి పడుకున్నాను, ఎన్ని టీలు, నొప్పి వచ్చిందా. మాత్ర వేసుకుంటే దాని పక్కన ఒక గీత. ఆరు వారాలకి నా తలనొప్పి రహస్యం బయటపడింది. మెస్సు తప్పిన రాత్రుల్లో పదింట ఏడుసార్లు నొప్పి వచ్చింది. భోజనం చేసి, పన్నెండు లోపల పడుకున్న రాత్రుల్లో ఒక్కసారే. ఇంత చిన్న కారణానికి నాలుగు నెలలు మాత్రలు మింగాను!

నావరకు నేను చేసుకున్న మార్పులు ఇవి. రాత్రి భోజనం మానను. మెస్సు దొరకకపోతే అరటిపండూ మజ్జిగా అయినా తీసుకుంటాను. సాయంత్రం అయిదు తరవాత టీ లేదు. మంచం పక్కన నీళ్ళ సీసా. చదువు కుర్చీలోనే, గంటకోసారి లేచి మెడ తిప్పడం. పడుకునే ముందు గంటసేపు ఫోను అల్మరాలో. ఆదివారమైనా అదే వేళకి లేవడం. ఇప్పుడు నెలకి ఒకటి రెండు రాత్రులు వస్తుంది, ఒక మాత్రతో పోతుంది.

నాన్న కూడా నోటుబుక్కు పెట్టారు. సి షిఫ్టు మొదలైన రెండో రోజు పొద్దున ఎక్కువ అని తేలింది. ఆయన షిఫ్టు మానలేరు. కాని టీ షిఫ్టు మొదటి సగంలోనే తాగుతున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు ఎండ కళ్ళలో పడకుండా నల్లద్దాలు, రాగానే ఇంత తిని, కిటికీకి దళసరి దుప్పటి కట్టిన గదిలో పడక. మేం పగలు ఆ గది పక్కన టీవీ పెట్టడం మానేశాం. నొప్పి పూర్తిగా పోలేదు. షిఫ్టులు ఎ, బి, సి వరసలో ముందుకి తిరిగితే ఒళ్ళు తట్టుకోగలదని, వెనక్కి తిరిగితే కష్టమని శాస్త్రజ్ఞులు అంటారు. అది నాన్న చేతిలో లేదు, పెద్దలు ఆలోచించాలి.

ఇక మన చేతిలో ఉన్నది. యూనియన్‌కి నా విన్నపాలు అయిదు. మెస్సులో రాత్రి పదిదాకా ఆలస్యంగా వచ్చేవాళ్ళకి భోజనం తీసి ఉంచేటట్టు వార్డెన్‌గారితో మాట్లాడాలి. ప్రతి అంతస్తులో మంచినీళ్ళు పెట్టించాలి. విద్యాసంవత్సరం మొదట్లోనే అందరికీ కంటి పరీక్ష జరిపించాలి. మన మైకు పదింటికి ఆగాలి. డబ్బా పక్కన ఒక రిజిస్టరు పెట్టి, మాత్ర తీసుకున్నవాళ్ళు తేదీ రాయాలి. నెలలో ఎనిమిదోసారి వచ్చినవాణ్ణి మాత్రతో కాకుండా, ఒక స్నేహితుణ్ణి తోడిచ్చి డాక్టరు దగ్గరికి పంపాలి.

కార్యదర్శి మిత్రుడితో ఈ మాటే అన్నాను. "గురూ, రేపు పొద్దున పరీక్ష పెట్టుకుని రాత్రి తల పగిలిపోతుంటే వాడికి నోటుబుక్కు ఇమ్మంటావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ రాత్రి మాత్ర ఇవ్వండి, నేను కాదనను. కాని అదే మనిషి అంతకుముందు పద్నాలుగు రాత్రులు వచ్చాడా అని చూసేవాడు ఒకడుండాలి గదా! ఇప్పుడు ఎవరూ చూడటం లేదు. నన్నూ ఎవరూ చూడలేదు. చాప మీద అట్టలు పేర్చిన మా చెల్లి తప్ప.

లెక్చరరుగార్లకి కూడా ఒక మనవి. మొదటి పీరియడులో తల వాల్చేసినవాణ్ణి లేపి నిలబెట్టే ముందు, రాత్రి ఏమైనా తిన్నావా అని ఒకసారి అడగండి. పూర్వ విద్యార్థులు మన యూనియన్‌కి ఏదైనా విరాళం ఇవ్వదలిస్తే మరో తెల్ల డబ్బా వద్దు, మూడో అంతస్తుకి నీళ్ళ ఫిల్టరు ఇవ్వండి.

ఈ సంచిక పక్కన పెట్టే ముందు ఒక్క పని చేయండి. కిందటి నెలలో తలనొప్పికి ఎన్ని రోజులు మాత్ర వేసుకున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టండి. రెండు చేతుల వేళ్ళూ సరిపోకపోతే డబ్బా వైపు కాదు, డాక్టరు వైపు నడవండి.